ఎక్కడుంది? ఎస్తేరును అడగాలె

జడ్చర్ల నుంచి కొల్లాపూర్ వైపు పోయే రోడ్డు మీద ఒక ఊరుంది. పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు ఇది చదివి "మా కండక్టర్ సారును గిట్ల రాస్తవా" అని నా మీదికి వస్తారు. ఆ ఊళ్లో నేను ఇంకా రెండు పెళ్లిళ్లకు పోవాల్సి ఉంది. బస్టాండు వెనక రెండు గదుల శాఖా గ్రంథాలయం. ముందు గదికి స్లాబు, వెనక గదికి రేకులు. ముందు గదిలో గుమ్మానికి ఎడమ పక్కన ఒక ఇనుప స్టూలు. దాని మీద ఇరవై ఒక్క ఏళ్లుగా కూర్చుంటున్నది అటెండరు ఎస్తేరు. ఆ స్టూలు ఆమెకు ఉంటుందా, ఊడుతుందా అన్నదే ఈ కథ. ఇందులో అంతకంటే పెద్ద సంగతి ఏమీ లేదు. ఎస్తేరుకు మాత్రం లోకంలోనే అంతకంటే పెద్ద సంగతి లేదు.

ఆమె తల్లి సాలమ్మ ఒకప్పుడు అదే గ్రంథాలయంలో ఊడ్చేది. సెంటు భూమి లేని ఇల్లు వాళ్లది. పొద్దున పత్తి చేలకు, మధ్యాహ్నం గ్రంథాలయానికి పోయేది సాలమ్మ. ఎస్తేరు పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పింది. నాలుగోసారి పరీక్ష హాలుకు పోవాల్సిన రోజు తల్లికి నడుము పట్టేసిందని చీపురు పట్టుకుని ఇక్కడికి వచ్చింది. పుస్తకాలు దులుపుతూ దులుపుతూ ఒకటి తెరిచింది. సాయంత్రం దాకా చదివి, ఊడ్వకుండానే ఇంటికి పోయింది. తర్వాత తల్లి పని ఆమెకే వచ్చింది. కొలువులో ఆమె చేసిన మొదటి తప్పు ఆ తొలిరోజుదే. రెండోది మనం ఈ కథలో చూస్తాం.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు లైబ్రేరియన్ సారు రిటైరయ్యాడు. ఆ కుర్చీలోకి మళ్లీ ఎవరూ రాలేదు. ఇన్‌ఛార్జి సారు ఒకాయన రెండు వారాలకోసారి గురువారం వచ్చి, పేపర్లో గళ్లనుడికట్టు నింపి, రిజిస్టరులో సంతకం పెట్టి, "అంతా మంచిదేనా ఎస్తేరూ" అని అడిగి, జవాబు వినకుండానే బస్సెక్కుతాడు. మిగతా పదమూడు రోజులూ గ్రంథాలయమంటే ఎస్తేరే.

పుస్తకాల వీపుల మీద నంబర్ల చీటీలు ఉండేవి. బంక రుచికి మరిగిన బొద్దింకలు వాటిని ఎప్పుడో తినేశాయి. ఇక ఎస్తేరు తన పద్ధతిలో సర్దుకుంది. ఏ పుస్తకం దేని గురించో ఆమె పట్టించుకోదు, ఎవరు చదువుతారన్నదే చూస్తుంది. కిటికీ పక్క బీరువా నౌకరీ పరీక్షల పిల్లలది. ఫ్యాను కింది బీరువా రిటైరైన సార్లది. ఏడిపించే నవలలన్నీ ఒక బీరువా, దాని తలుపుకు ఆమే ఒక చేతిరుమాలు కట్టింది. నిద్ర పట్టని వాళ్ల కోసం నివేదికలూ ఉపన్యాసాలూ ఒక అర. పెళ్లి కుదిరిన వాళ్లు సిగ్గుపడుతూ అడిగేవి ఇంకో అర, దానికి ముందు వరుసలో వ్యవసాయం పుస్తకాలు అడ్డంగా ఉంటాయి. వెనక గది రేకులు మూడు చోట్ల కారతాయి. కాబట్టి తొలకరి పడగానే సగం పుస్తకాలు ముందు గదికి వస్తాయి, ఎండాకాలం మళ్లీ వెనక్కి పోతాయి. మధ్యలో కొన్ని ఆమె సంచిలో ఇంటికి పోయి, ఎండకు ఆరి వస్తాయి.

చదివేవాళ్లూ తక్కువవాళ్లేం కాదు. పుస్తకం పేరు చెప్పి అడిగిన మనిషి ఆ ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు. "అట్ట మీద మేక ఉంటది చూడు, లోపట మేక ముచ్చటే ఉండది, గది ఇయ్యి" అంటారు. "బ్యాంకుల నౌకరి దొరికిన పోరడు సదివింది ఇయ్యి" అంటారు. అందరికంటే ఘనుడు వెంకటయ్య, రిటైరైన ఆర్టీసీ కండక్టరు. ముప్పై ఏళ్లు మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాదు రూట్లో తిరిగాడు. పేజీల నంబర్లు ఆయనకు గుర్తుండవు. ఏ పుస్తకమైనా మహబూబ్‌నగర్లో ఎక్కి హైదరాబాదులో దిగుతాడు.

"ఎస్తేరూ, నిన్న నేను షాద్‌నగర్ల దిగిన. జర ఆడికెళ్లి తీసియ్యి బిడ్డా."

షాద్‌నగర్ అంటే సగం. ఎస్తేరు సరిగ్గా సగం దగ్గర తెరిచి చేతిలో పెడుతుంది. రూట్లో మొదట వచ్చే జడ్చర్లలోనే దిగిపోయాడంటే పుస్తకం బాగా లేదని అర్థం.

ఇక కంప్యూటరు సంగతి. అయిదేళ్ల కింద ఒకటి వచ్చింది. అందులో పుస్తకం పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా కొట్టాలి, మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా అచ్చంగా ఉండాలి. లేకపోతే "0 ఫలితాలు" అని చూపించేది. వెంకటయ్య ఒకరోజు గంటసేపు కూర్చుని తంటాలు పడి, "గా మేక పుస్తకం" అని కొట్టాడు. సున్నా. "మంచి పుస్తకం" అని కొట్టాడు. సున్నా. కోపం వచ్చి తన పేరు కొట్టాడు. దానికీ సున్నానే. "ముప్పై ఏండ్ల సర్వీసు, సున్న అంటదేందే ఇది" అని ఆ రోజు అన్నం కూడా తినలేదట. అప్పటి నుంచి ఊరంతా దానికి సున్న డబ్బా అని పేరు పెట్టింది. ఎస్తేరు దాని మీద పాత చీర ముక్క కప్పి, పైన క్యాలెండరు ఆనించింది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం జిల్లా ఆఫీసు నుంచి కమలాకర్ సారు వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి, చెవులు పూర్తిగా కప్పే పాతకాలపు జుట్టు, చేతిలో ఎప్పుడూ ఒక తోలు బ్యాగు. వచ్చీ రాగానే చీర ముక్క లాగేశాడు.

"ఎస్తేరమ్మా, సున్నల కాలం అయిపోయింది. ఇప్పుడు వెబ్‌ల కొత్త సర్చ్ వచ్చింది. పుస్తకం పేరు తెల్వకున్నా పర్వాలేదు. మనిషితో మాట్లాడినట్టు అడిగితే సాలు, సమజ్ చేసుకొని చెప్తది. జిల్లల లైబ్రరీలన్ని దాంట్ల ఎక్కుతయి."

ఎస్తేరుకు మొదట సంతోషమే వేసింది. "మంచిదే గద సార్."

"మంచిదే. నాలుగు వేల మూడు నూర్ల పన్నెండు పుస్తకాలు ఎక్కినంక ఈడ అటెండరు అవసరం పడదు. నిన్ను కొల్లాపూర్ అవతల, కృష్ణ ఒడ్డుకు ఊరుంది, ఆడికేస్తం."

ఆ ఊరికి రెండు బస్సులు మారి, తర్వాత ఆటో ఎక్కాలి. ఎస్తేరు ముందు ఒకటే అడిగింది. "ఆడ పుస్తకాలెన్ని ఉన్నయి సార్?"

"పుస్తకాలు ఇంక రాలే. గది అయితే ఉన్నది."

"మరి గీ పుస్తకాలు డబ్బల ఎక్కిచ్చేదెవరు?"

"నువ్వే. నీకంటె బాగ ఎవరికి తెలుసు?" అని కమలాకర్ సారు మెచ్చుకున్నట్టు నవ్వి వెళ్లిపోయాడు. చెట్టెక్కిన మనిషి చేతికే గొడ్డలిచ్చి కూర్చున్న కొమ్మ నరకమనడం అంటే ఇదే మరి. నాకైతే ఇప్పటికీ ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఇంటికి పోయి మొగుడు మైసయ్యతో చెప్పింది. మైసయ్యది ఆటో. ఆటో నడిపేవాళ్లకు అడ్డదారులన్నీ తెలుస్తాయి.

"గింతదానికి ఏడుస్తరా? ఉల్టా రాయే. వంటల పుస్తకం కాడ పాము కాటు అని రాయి. పాము కాటు కాడ కుట్టుపని అని రాయి. నాలుగు దినాలల్ల గా డబ్బ మల్ల సున్న అయితది, నిన్ను కాళ్లు మొక్కి ఉంచుకుంటరు."

ఎస్తేరుకు ఈ ఉపాయం నచ్చింది. మర్నాడు మొదటి పుస్తకానికే అమలు చేసింది. కూరల పుస్తకం తీసి "పాము కాటుకు మందు" అని ఎక్కించింది. పదకొండింటికి ఎక్కించింది, పన్నెండింటికి టిఫిను డబ్బా తెరిచింది, ముద్ద దిగలేదు. ఎవడినో పొలంలో పాము కరిచి, వాని పెండ్లాం ఫోన్లో ఇదే వెతికి, పరుగున వచ్చి పుస్తకం తెరిచి, పేజీలో ఉన్నట్టు గుత్తివంకాయ చేస్తున్నట్టు కళ్ల ముందు కనబడింది. పాపం ఆ పిల్ల నువ్వులు కూడా వేయించింది. ఎస్తేరు చేయి కడుక్కుని లేచింది.

"శ్రీదేవమ్మా, గది తీసెయ్యి. నా నౌకరి పోతె పాయె, ఉన్నది ఉన్నట్టే రాయాలె."

శ్రీదేవి అంటే జడ్చర్ల నుంచి రోజూ బస్సులో ల్యాప్‌టాపు పట్టుకుని వచ్చే ఇంజనీరు. ఈ కొత్త సర్చ్ పెట్టే కాంట్రాక్టు వాళ్ల కంపెనీది. ముప్పై ఏళ్ల మనిషి, ఓపిక గలది, బస్సులో నిలబడీ నిలబడీ వచ్చేసరికి సగం ఓపిక ఖర్చయిపోయి ఉంటుంది. ఒక్కో పుస్తకానికి మూడు గడులు నింపాలని ఆమె చెప్పింది. మొదటి గడిలో పుస్తకం పేరు. రెండోది, పాఠకులు దాన్ని ఎలా అడుగుతారు. మూడోది, ఎక్కడ ఉంది.

"రెండో గడే ముఖ్యం ఎస్తేరక్కా. జనం ఎట్ల అడుగుతరో అట్లనే చెప్పు. టైపు కొట్టనక్కర్లే, ఫోన్ల చెప్తే అదే రాసుకుంటది."

జిల్లాలో మిగతా గ్రంథాలయాల వాళ్లందరూ ఆ గడిలో ఒక అడ్డగీత పెట్టి ఊరుకున్నారు. కొందరు "బాగుంది" అని రాశారు. ఎస్తేరు అలా కాదు. చెప్పమన్నారు కాబట్టి చెప్పింది. నెల రోజులు పొద్దున నుంచి సాయంత్రం దాకా చెప్పింది.

"అట్ట మీద మేక ఉన్న పుస్తకం. లోపట మేక లేదు. అయినా అందరు మేక పుస్తకం అనే అడుగుతరు. కండక్టర్ సారు మూడుసార్ల సదివిండు, మూడుసార్ల హైదరాబాదు దాక పోయిండు. హేయ్, నల్లకుక్క, బయటికి నడువ్! మంచి పుస్తకం."

"ఏడుపు నవల. మొగుడు మంచోడే గని అత్త మంచిది కాదు. ఇరవయ్యో పేజికాడ ఏడ్వుడు షురువైతది. ఎండకాలం సదివితె తలనొస్తది. కండక్టర్ సారు షాద్‌నగర్ల దిగిండు, అంటె సగం. మైసయ్యా, బియ్యం నానబోసినవా? ఆఁ, ఇంటికొస్తున్న."

ఫోను అన్నీ రాసుకుంది. మనుషుల్లా ఏరి వదిలెయ్యడం దానికి రాదు.

మూడో గడి దగ్గర మాత్రం ఎస్తేరు ఆగిపోయింది. "ఎక్కడ ఉంది" అంటే ఏం చెప్పాలి?

"ఆనకాలం ఓ జాగా, ఎండకాలం ఓ జాగా. మధ్యల మా ఇంట్ల. ఎట్ల చెప్పమంటవమ్మా?"

"ఏదో ఒకటి చెప్పక్కా, గడి ఖాళీ ఉంటె ముందటికి పోదు."

"అయితె ఎస్తేరును అడగాలె అని రాయి. ఉన్నది గదే."

శ్రీదేవి బస్సుకు టైమవుతోంది. ఒక పుస్తకానికి రాసి, మిగతా నాలుగు వేల మూడు వందల పదకొండింటికీ అదే అతికించేసింది. కొలువులో ఎస్తేరు చేసిన రెండో తప్పు ఇది. ఆమె దీన్ని తప్పని ఈ రోజుకీ ఒప్పుకోదు.

కొత్త సర్చ్ మొదలైంది. మొదటి రోజు వెంకటయ్య పాత పగతో వచ్చి కూర్చున్నాడు. "నేను షాద్‌నగర్ల దిగిన ఏడుపు పుస్తకం ఏది?" అని ఫోన్లో అడిగాడు. డబ్బా ఒక క్షణం ఆలోచించి నవల పేరు చూపించింది. సగం దగ్గర తెరవాలని కూడా చెప్పింది. కింద, ఎక్కడుంది? ఎస్తేరును అడగాలె.

వెంకటయ్య లేచి నిలబడ్డాడు. "ఓరి నీ! దీనికి రూట్లు గూడ తెలుసు!"

తర్వాత రెండడుగులు వేసి స్టూలు దగ్గరికి పోయి, "ఎస్తేరూ, నిన్ను అడగమంటుంది" అన్నాడు.

"అడుగుండ్రి" అంది ఎస్తేరు, పుస్తకం తీసిస్తూ.

చిన్న చిన్న తికమకలు లేకపోలేదు. "బియ్యం" అని వెతికిన వాళ్లకు ఏడుపు నవల వచ్చేది. కుక్క కాటుకు ఏం చేయాలని అడిగితే మేక పుస్తకం వచ్చేది. కానీ సున్నా మాత్రం ఎవరికీ రాలేదు. ఊరు మురిసిపోయింది.

అసలు తమాషా ఊరి బయట మొదలైంది. సర్చ్ జిల్లా మొత్తానికి ఒకటే కదా. మిగతా చోట్ల రెండో గడిలో అడ్డగీతలూ "బాగుంది"లూ తప్ప ఏమీ లేవు. పాపం దానికి అర్థమయ్యే తెలుగు ఉన్నది ఒక్క ఎస్తేరు మాటల్లోనే. కాబట్టి ఎవరు ఎక్కడి నుంచి ఏమడిగినా అది అక్కడికే వచ్చేది. ఎవరో మిరపకు పురుగు పడితే ఏం చదవాలని అడిగారు. ఎస్తేరును అడగాలె. ఇంకెవరో గ్రూపు పరీక్షలకు ఏ పుస్తకం మంచిదని అడిగారు. ఎస్తేరును అడగాలె. ఒకాయన తన భార్య అలిగి పుట్టింటికి పోయిందని అడిగాడు, గ్రంథాలయాన్ని అది ఎందుకు అడిగాడో ఆ దేవునికే తెలియాలి. దానికీ అదే జవాబు. సంప్రదించడానికి నంబరు కావాలంటే శ్రీదేవి ఎస్తేరు నంబరే ఇచ్చింది. ఫోన్ల మీద ఫోన్లు. ఎస్తేరు అందరికీ చెప్పింది. అలిగిన భార్య కోసం చేసినాయనకు, "పుస్తకమెందుకు సార్, నువ్వే పోయి తీస్కరా" అని చెప్పింది. ఆయన పోయి తీసుకొచ్చాడు.

పదిహేను రోజులకు హైదరాబాదు నుంచి కమలాకర్ సారుకు ఫోన్ వచ్చింది. పై ఆఫీసు మేడం.

"కమలాకర్ గారూ, మీ జిల్లాలో సర్చ్ వాడకం మిగతా అందరికంటే పది రెట్లు ఉంది. అన్నింటికీ ఎస్తేరు అని వస్తోంది. ఏ కంపెనీది ఆ సాఫ్ట్‌వేరు?"

కమలాకర్ సారు ఆ గడులను ఒక్కసారైనా చదివి ఉంటే బాగుండేది. చదవలేదు. పొగడ్త వచ్చినప్పుడు కాదనడం ఆయన అలవాటు కూడా కాదు. "మన జిల్లలనే తయారైంది మేడం" అన్నాడు.

"చాలా సంతోషం. సోమవారం పదకొండింటికి వచ్చి చూస్తాను."

ఫోన్ పెట్టేసి, ఆ ఎస్తేరు ఏమిటో చూద్దామని తెరిచాడు. చూశాడు. కుర్చీలో కిందికి జారాడు. వెంటనే శ్రీదేవికి ఫోన్ చేసి, ఆ మూడో గడి మొత్తం మార్చేసి పుస్తకాలు ఎక్కడున్నాయో సరిగ్గా రాయమన్నాడు.

"రాస్త సార్. కాని ఏది ఎక్కడుందో ఎస్తేరక్కను అడగాలె" అంది శ్రీదేవి.

ఇక ఆయనకు ఒకటే దారి కనబడింది. బదిలీ ఉత్తర్వు తయారుచేయించి బ్యాగులో పెట్టుకున్నాడు. సోమవారం పొద్దున్నే పోయి ఆమెను పదింటి బస్సెక్కించాలి. మేడం వచ్చేసరికి మనిషి ఉండకూడదు, సాఫ్ట్‌వేరు రిపేరులో ఉందని చెప్పాలి. పెద్ద మేడం వస్తున్నారు కదా అని ఆదివారం పొట్టిగా కటింగ్ కూడా చేయించుకున్నాడు. ఎన్నో ఏళ్లకు ఆయన చెవులకు గాలి తగిలింది.

సోమవారం తొమ్మిదిన్నరకు ఆయన గ్రంథాలయం మెట్లెక్కేసరికి మేడం అప్పటికే లోపల కూర్చుని ఉంది. రోడ్డు ఖాళీగా ఉందట. పక్కన శ్రీదేవి, ఫ్యాను కింద వెంకటయ్య, గుమ్మం పక్కన స్టూలు మీద ఎస్తేరు.

"రండి, మీరే ఏదైనా అడిగి చూపించండి" అంది మేడం.

పాపం మనిషి చెమటలు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఏమడగాలో తోచలేదు. అలాంటప్పుడు మనసులో ఎప్పటి నుంచో ఉన్నదే బయటికి వస్తుంది. చిన్నప్పుడు వాళ్ల నాయన ఈ ఊళ్లోనే గుమాస్తాగా రెండేళ్లు పనిచేశాడు. అప్పుడు చూసిన పుస్తకం ఒకటి ఆయనకు ఇప్పటికీ కలలో వస్తుంది. "ఓడల బొమ్మల పుస్తకం, పెద్ద తెల్ల ఓడ ఉంటది" అని అడిగాడు.

డబ్బా వెంటనే చూపించింది. మేడం వినాలని శ్రీదేవి పైకి చదివింది.

"ఓడల బొమ్మల పుస్తకం. సముద్రం చూడని పిల్లలందరు అడుగుతరు. నలభై మూడో పేజి లేదు. తెల్ల ఓడ ఆడనే ఉండె. గుమాస్తా కొడుకు చింపిండు, మా అమ్మ సాలమ్మ కండ్లార చూసింది. కుడి చెవి తమ్మె మీద కందిగింజంత పుట్టుమచ్చ ఉన్న పోరడు. చెప్తె ఎవరు నమ్మలే. ఊడ్చెటామెనే చింపిందని అమ్మను గుమ్మం బయట నిలబెట్టి తిట్టిన్రు. గా పోరడు దొరికితె గదే చెవి పిండాలె. ఎక్కడుంది? ఎస్తేరును అడగాలె."

ముందు వెంకటయ్య చూశాడు. తర్వాత మేడం చూసింది. కమలాకర్ సారు చెయ్యి దానంతట అదే లేచి కుడి చెవిని కప్పుకుంది, అప్పటిదాకా చూడని వాళ్లు కూడా అప్పుడు చూశారు.

ఎస్తేరు స్టూలు దిగింది. చెవి పిండుతుందనే అందరూ అనుకున్నారు. వెంకటయ్య అయితే బాగా కనబడాలని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆమె వెనక గదిలోకి పోయి, నిమిషంలో ఆ పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది. నలభై రెండు తర్వాత నలభై అయిదు.

"మా అమ్మ సచ్చిపొయ్యేదాక గీ ముచ్చటే చెప్పేది సార్. నేను చింపలే బిడ్డా, నేను చింపలే అని. నాకు చెప్పుడెందుకు? నాకు తెలుసు గద" అంది. ఆమెకు అప్పుడు కోపం కంటే ఏడుపే ఎక్కువ వచ్చింది, కానీ ఏడ్వలేదు.

మేడం కమలాకర్ సారు వైపు తిరిగింది. "ఇంతకీ ఆ ఎస్తేరు సాఫ్ట్‌వేరు ఎక్కడుంది?"

"గీమెనే మేడం! స్టూలు మీదుంటది!" అన్నాడు వెంకటయ్య గర్వంగా.

ఇంక దాచి లాభం లేదని కమలాకర్ సారు బ్యాగులోంచి బదిలీ ఉత్తర్వు తీశాడు. "పొరపాటు జరిగింది మేడం. ఈమెను ఇయ్యాల్నే వేరే ఊరికి..."

మేడం ఆ కాగితం పక్కన పెట్టి ఆస్తి రిజిస్టరు తెమ్మంది. కొత్త సర్చ్ తనంతట తానే తయారుచేసిన రిజిస్టరు అది. మూడో గడిలో ఏ పేరుంటే దాన్ని పుస్తకాలుండే చోటుగా రాసుకుంది. పాత బీరువాలు పద్నాలుగు, అన్నీ ఖాళీ. పదిహేనో వరుసలో ఎస్తేరు, నాలుగు వేల మూడు వందల పన్నెండు పుస్తకాలు. కింద ముద్ర, సంతకం.

"సంతకం మీదేనా?"

"నాదే మేడం. చదవలే."

"చదవకపోయినా చెల్లుతుంది" అంది మేడం. నవ్వు ఆపుకోవడానికి ఆమె బుగ్గలు బిగబట్టింది. "నిబంధన తెలుసు కదా. పుస్తకాలున్న బీరువాను కదిలించాలంటే ముందు అందులోవన్నీ ఒక్కొక్కటిగా తీసి వేరే బీరువాకు ఎక్కించాలి. తర్వాత కమిటీ తీర్మానం. ఈమెలోంచి ఎలా తీస్తారు?"

కమలాకర్ సారు ఎస్తేరు వైపు చూశాడు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియనట్టు చూశాడు.

"రాదు సార్. నాకే రాదు" అంది ఎస్తేరు.

ఆయన ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి బ్యాగులో పడేశాడు. నిబంధనకు భయపడ్డాడని ఊళ్లో అంటారు. నాకు మాత్రం, నిబంధన లేకపోయినా ఆ రోజు ఆయన ఆ కాగితం ఇవ్వగలిగేవాడు కాదనే అనిపిస్తుంది.

మార్చిలో ఏటా ఆస్తుల తనిఖీ. కమలాకర్ సారే వచ్చాడు. జుట్టు మళ్లీ పెరిగింది, కానీ ఆయన దాన్ని చెవుల వెనక్కి దువ్వుకున్నాడు. ముందు బ్యాగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నలభై మూడో పేజీ. ముప్పై అయిదేళ్లు ట్రంకు పెట్టె అడుగున ఉండి మూలలు నల్లబడ్డాయి, ఓడ మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. ఎస్తేరు మైదా బంక కలిపి దాన్ని జాగాలో అతికించింది. ఆయన కుర్చీలో ముందుకు వంగి, కుడి చెవి ఆమె వైపు పెట్టాడు.

"పోనియ్యి సార్. అమ్మ అయితె పిండేది. నాతోని కాదు" అని ఆమె చేతులు కడుక్కోవడానికి పోయింది.

తర్వాత ఆయన రిజిస్టరు తెరిచి, బీరువాల ముందు ఒక్కొక్కదాని దగ్గర ఆగి టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. పద్నాలుగు అయిపోయాయి. చివరికి స్టూలు ముందు నిలబడ్డాడు. పదిహేనో నంబరు, పేరు ఎస్తేరు, ఉన్నది అని టిక్కు పెట్టాడు. పక్క గడిలో స్థితి అని ఉంది. "బాగుంది" అని రాయబోయాడు.

"ఆగుండ్రి సార్" అంది ఎస్తేరు. "మోకాళ్లు నొస్తున్నయి. ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి."

ఆయన కొట్టేసి రాశాడు. మోకాళ్ల నొప్పులు. కదిలించరాదు.